పిల్లలు తమ హద్దు తామే గీసుకునేలా: కౌమారంలో లైంగిక సంయమనం నేర్పే పద్ధతి

కౌమారంలో అడుగుపెట్టిన పిల్లలతో లైంగిక సంయమనం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు చాలామంది పెద్దలు ఒకే ఒక్క వాక్యంతో పని ముగిస్తారు: ‘ఈ వయసులో అలాంటివి కూడదు.’ ఆ మాటలో తప్పేమీ లేదు గాని, అది పెద్దవారి మాటగానే మిగిలిపోతుంది. నచ్చిన మనిషి దగ్గరగా జరిగి కూర్చున్నప్పుడు, ‘నా మీద నమ్మకం లేదా?’ అని అడిగినప్పుడు, ఒక ఫోటో పంపమని అర్ధరాత్రి సందేశం వచ్చినప్పుడు పెద్దవారు పక్కన ఉండరు. ఆ క్షణంలో అక్కరకు రావాలంటే ఆ నియమం అప్పటికే పిల్లల సొంత నిర్ణయంగా మారి ఉండాలి. హద్దు ఎందుకు అవసరమో, ఎక్కడ గీసుకోవాలో, దాన్ని ఎదుటివారికి ఏ మాటల్లో చెప్పాలో వారే తేల్చుకునేటట్టు తోడ్పడడమే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంరక్షకులు చేయవలసిన పని.

ముందు పెద్దలు తేల్చుకోవలసినవి

సంయమనం అంటే ఏమిటో మీకే స్పష్టంగా లేకపోతే పిల్లలకు అంతకంటే స్పష్టంగా ఉండదు. కొందరి దృష్టిలో సంయమనం అంటే సంభోగానికి దూరంగా ఉండడం మాత్రమే. మరికొందరి దృష్టిలో జననాంగాలకు సంబంధించిన ఏ స్పర్శా లేకపోవడం. ఇంకొందరు ముద్దును కూడా అందులో చేరుస్తారు. కౌమారంలోని వారు తరచుగా మొదటి అర్థాన్నే తీసుకొని, సంభోగం తప్ప తక్కినదంతా ప్రమాదం లేనిదని అనుకుంటారు. అది వాస్తవం కాదు. హెచ్‌పీవీ (జననాంగాల మీద పులిపిర్లకూ కొన్ని క్యాన్సర్లకూ కారణమయ్యే వైరస్), హెర్పీస్ (పొక్కులు, పుండ్లు కలిగించే వైరస్) వంటి సాంక్రమిక వ్యాధులు చర్మానికి చర్మం తగలడం వల్ల, నోటి ద్వారా జరిగే లైంగిక చర్య వల్ల కూడా వ్యాపించగలవు. కాబట్టి మీరు ఏ అర్థంలో మాట్లాడుతున్నారో మర్యాదగా, శరీరభాగాలకు సరైన పేర్లు వాడుతూ, డొంకతిరుగుడు లేకుండా చెప్పాలి. ‘అది’, ‘ఇది’, ‘అలాంటి పనులు’ అంటూ తప్పించుకుంటే, ఈ విషయం నోటితో పలకడానికే వీలులేనిదన్న సంగతి ఒక్కటే వారికి అందుతుంది.

రెండవది, మీ విలువలను విలువలుగానూ వాస్తవాలను వాస్తవాలుగానూ విడివిడిగా చెప్పడం. ‘పెళ్లి వరకు ఆగాలన్నది మన కుటుంబం నమ్మకం’ అనడం ఒక విలువను చెప్పడం. ‘చదువు పూర్తయి, నీ కాళ్ల మీద నువ్వు నిలబడే వరకు ఆగితే మంచిదని నా అభిప్రాయం’ అన్నదీ అంతే. వీటిని దాచనక్కరలేదు, పెద్దవారి అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలని పిల్లలకు లోలోపల ఉంటుంది. కాని ఆ అభిప్రాయానికి బలం చేకూర్చడం కోసం కండోమ్‌లు అసలు పనిచేయవనో, ఒక్కసారి తప్పటడుగు వేస్తే జీవితమంతా నాశనమవుతుందనో చెప్పకూడదు. పిల్లల చేతిలో ఫోన్ ఉంది. ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పిన తొమ్మిది నిజాలు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి.

వాస్తవాలు అతిశయోక్తి లేకుండానే సంయమనం పక్షాన గట్టిగా నిలబడతాయి. గర్భం విషయంలో పూర్తి సంయమనం నూటికి నూరుపాళ్లు రక్షణ ఇస్తుంది. కండోమ్‌ను ప్రతిసారీ సరైన పద్ధతిలో వాడితే ఏడాదికి 100 మంది స్త్రీలలో సుమారు 2 మందికి గర్భం వస్తుంది. మనుషులు మామూలుగా వాడే తీరులో, అంటే మరచిపోవడం, ఆలస్యంగా తొడగడం వంటి లోపాలతో, ఆ సంఖ్య దాదాపు 13. ఈ రెండు సంఖ్యల మధ్య తేడాను పిల్లలకు విడమరచి చెప్పండి, ఎందుకంటే సంయమనానికీ అదే వర్తిస్తుంది: అనుకున్నది అనుకున్నట్టు పాటిస్తేనే అది పనిచేస్తుంది, మనసులో మాత్రమే ఉన్న నిర్ణయం ఏ రక్షణా ఇవ్వదు.

భయం, సిగ్గు, ప్రతిజ్ఞ: ఇవి ఎంతవరకు పనిచేశాయి

పెళ్లి వరకు ఆగుతామని యువతీయువకుల చేత ప్రతిజ్ఞ చేయించే ఉద్యమం అమెరికాలో 1990లలో విస్తృతంగా సాగింది. ప్రతిజ్ఞ చేసిన వారినీ, అన్ని విధాలా వారితో పోల్చదగిన ఇతరులనూ పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఐదేళ్ల తరువాత ఉభయుల లైంగిక ప్రవర్తనలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు; పైగా ప్రతిజ్ఞ చేసిన వారిలో 82 శాతం మంది తాము అసలు ప్రతిజ్ఞే చేయలేదన్నారు. గర్భనిరోధక సాధనాలు, కండోమ్‌లు వాడడం మాత్రం వారిలోనే తక్కువగా ఉంది. పదిమంది ముందు పలికించిన మాట లోపలికి దిగలేదు. దిగని మాట సడలినప్పుడు జాగ్రత్త పడే తెలివిడి కూడా వారికి ఎవరూ ఇచ్చి ఉండలేదు.

అలాగని సంయమనం నేర్పడమే వృథా అనుకోవడం తొందరపాటు. అదే దేశంలో 6, 7 తరగతుల విద్యార్థులు 662 మందితో జరిపి 2010లో ప్రచురించిన మరొక పరిశోధనలో, సంయమనం మీదే దృష్టి పెట్టిన పాఠాలు విన్న పిల్లల్లో రెండేళ్లలో లైంగిక చర్య మొదలుపెట్టిన వారు సుమారు మూడవ వంతు ఉండగా, ఇతర ఆరోగ్య విషయాలు మాత్రమే విన్న పిల్లల్లో దాదాపు సగం మంది ఉన్నారు. ఆ పాఠాలు పెళ్లి ప్రస్తావన తేలేదు, నీతిబోధ చేయలేదు, కండోమ్‌లను నిందించలేదు. నువ్వు సిద్ధమయ్యేదాకా ఆగితే నీకేమిటి లాభం, ఒత్తిడి వస్తే ఎలా తట్టుకుంటావు అన్న ప్రశ్నలను పిల్లల ముందే పెట్టి, వారి చేతనే ఆలోచింపజేశాయి. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే మార్గం ఎటు ఉందో తెలుస్తుంది.

సిగ్గుపరిచే పోలికల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. లైంగిక అనుభవం ఉన్న అమ్మాయిని నమిలేసిన చూయింగ్‌గమ్‌తో పోల్చడం ఒకప్పుడు కొన్ని తరగతి గదుల్లో మామూలుగా ఉండేది. 2002లో 14 ఏళ్ల వయసులో అపహరణకు గురై, నెలల తరబడి అత్యాచారాలను భరించిన ఎలిజబెత్ స్మార్ట్, తాను బడిలో విన్న ఆ పోలిక నిర్బంధంలో తనకు గుర్తుకొచ్చి, ఇక తనకు ఏ విలువా లేదనిపించిందని 2013లో బహిరంగంగా చెప్పింది. మీ ముందు కూర్చున్న పిల్లల్లో ఇప్పటికే ఎవరి చేతిలోనో హింసకు గురైన వారు ఉండవచ్చు; మీకు ఆ సంగతి ఎన్నటికీ తెలియకపోవచ్చు. పవిత్రత, మలినం, పోగొట్టుకోవడం వంటి మాటలు వారి మీద ఎలా పడతాయో ఆలోచించి, ఆ భాషను పూర్తిగా పక్కన పెట్టడం మంచిది.

ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వయసును కౌమారంగా పరిగణిస్తుంది. ఆ దశ మొదటి భాగంలోనే, శరీరంలో మార్పులు వస్తున్నప్పుడే, సంభాషణ మొదలు కావాలి. పదహారేళ్లు వచ్చాక ఒకనాడు కూర్చోబెట్టి చెప్పే సుదీర్ఘ ఉపన్యాసం ఇద్దరికీ శిక్షే. దానికి బదులు ఐదు పది నిమిషాల చిన్న సంభాషణలు ఏళ్ల తరబడి సాగడం మేలు. పదేళ్ల వయసులో శరీరపు మార్పులు, గోప్యత, ఎవరి స్పర్శనైనా వద్దనే హక్కు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఆకర్షణ, గర్భం ఎలా వస్తుంది, నగ్న చిత్రాలు, ఫోన్‌లో పరిచయాలు. ఆ తరువాత ప్రేమ, ఒత్తిడి, సమ్మతి, గర్భనిరోధకం, వ్యాధులు. ఈ విభజన గీత గీసినట్టు ఉండనక్కరలేదు. పిల్లల ప్రశ్నలే చాలాసార్లు క్రమాన్ని నిర్ణయిస్తాయి.

ఎదురెదురుగా కూర్చొని కళ్లలోకి చూస్తూ మాట్లాడడం కంటే పక్కపక్కన నడుస్తూనో, ప్రయాణిస్తూనో, ఏదైనా పని చేసుకుంటూనో మాట్లాడడం పిల్లలకు తేలిక. తెర మీద కనబడిన ఒక సన్నివేశం, విన్న ఒక వార్త మంచి ఆరంభం అవుతుంది. ‘ఆ అబ్బాయి రెండుసార్లు వద్దన్నా ఆమె వినలేదు కదా, అతనికి ఎలా అనిపించి ఉంటుంది?’ అని అడిగి ఊరుకోండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు. మీకు సిగ్గుగా ఉంటే ఆ సంగతి ముందే చెప్పేయవచ్చు: ‘ఇది మాట్లాడడం నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది గాని, నీకు సరైన విషయాలు తెలియడం నాకు ముఖ్యం.’ జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలుసుకొని చెబుతానని చెప్పి, నిజంగానే తెలుసుకొని చెప్పాలి. ఆ ప్రశ్న వేసినందుకు అనుమానంగా చూస్తే మాత్రం అదే చివరి ప్రశ్న అవుతుంది.

హద్దు గీసుకునే అభ్యాసం

ఈ పాఠానికంతటికీ గుండెకాయ ఇదే కాబట్టి దీనికి తీరిక కేటాయించాలి. పిల్లలకు ఒక కాగితం ఇచ్చి, అది ఎవరికీ చూపించనక్కరలేదని ముందే మాట ఇవ్వండి. మీరు దాన్ని అడగకూడదు, తరువాత వెతకకూడదు. కాగితం మీద వారు తమకు తాము జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నా శరీరంలో ఏ భాగాలను ఎవరు తాకినా నాకు అభ్యంతరం లేదు, ఏ భాగాలను నాకు ఇష్టమైన వ్యక్తి కూడా ఇప్పుడు తాకడం నాకు వద్దు? చేయి పట్టుకోవడం, కౌగిలించుకోవడం, ముద్దు పెట్టుకోవడం, వీటిలో నాకు హాయిగా అనిపించేది ఎక్కడ ఆగుతుంది? నా ఫోటో ఎలాంటిదైతే పంపుతాను, ఎలాంటిదైతే ఎవరడిగినా పంపను? ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకరితో ఒంటరిగా ఉండడానికి నేను సిద్ధమా? నాకంటే ఎంత పెద్దవారితో స్నేహం నాకు క్షేమం? మద్యం ఉన్న చోట నేను ఏం చేస్తాను?

ఈ ప్రశ్నలను గమనిస్తే, చివరి మూడూ స్పర్శ గురించి అడగడం లేదు. సందర్భాల గురించి అడుగుతున్నాయి. నా అభిప్రాయంలో పెద్దలు ఎక్కువగా విస్మరించేది దీన్నే. హద్దు దాటడం చాలావరకు ఒక్కసారిగా జరగదు. ఎవరూ లేని గది, ఆలస్యమైన రాత్రి, మత్తు, వయసులో బాగా పెద్దవారి పొగడ్త, ఇవి ఒకదాని మీద ఒకటి చేరాకే నిర్ణయం సడలుతుంది. 2005లో వెలువడిన ఒక ప్రయోగంలో, వాహనం నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు కౌమార వయస్కులు ఎక్కువ ప్రమాదకరంగా ఆడారు; పెద్దవారిలో అలాంటి మార్పు లేదు. ముందుచూపుకూ నిగ్రహానికీ తోడ్పడే మెదడు ముందు భాగం ఇరవైల నడిమి వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది. ఇందులో పిల్లల గుణదోషాల ప్రసక్తి లేదు, ఆ వయసు మెదడు తీరే అంత. అందుకే ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని ఉద్వేగంలో ఉన్నప్పుడు తిరగరాయకూడదన్నది కాగితం మీద మొదటి వాక్యంగా రాసుకోమని చెప్పండి.

తరువాత కారణాలు. ‘అమ్మ వద్దంది’, ‘నాన్నకు తెలిస్తే చంపేస్తాడు’ అన్నవి కారణాలుగా నిలబడవు, ఎందుకంటే అమ్మానాన్నలకు తెలియదన్న ధీమా కలగగానే అవి కరిగిపోతాయి. పిల్లల సొంత కారణాలు వేరుగా ఉంటాయి: ఇప్పుడు గర్భం వస్తే నేను అనుకున్న చదువు చదవలేను, నాకు ఈ మనిషి మీద ఇంకా నమ్మకం కుదరలేదు, నా మతవిశ్వాసం నాకు ముఖ్యం, నాకింకా ఆ కోరికే లేదు, విడిపోయినప్పుడు దాన్ని తట్టుకునే స్థితిలో నేను లేను. వీటిలో ఏ కారణమైనా సరిపోతుంది. ఆకర్షణ కలగడం సహజమనీ, అది అబ్బాయి మీద కలిగినా అమ్మాయి మీద కలిగినా సిగ్గుపడవలసినది కాదనీ, కలిగిన ప్రతి కోరికనూ చేతల్లో పెట్టనక్కరలేదనీ ఇక్కడే చెప్పాలి. కోరిక ఉండడమే తప్పని చెబితే, అది కలిగిన రోజున తాము అప్పటికే ఓడిపోయామని పిల్లలు అనుకుంటారు.

ఈ కాగితాన్ని ఆరేడు నెలలకోసారి వారే తీసి చూసుకోవాలి. హద్దు మారవచ్చు. మారినప్పుడు తీరికగా కూర్చొని తామే మార్చుకున్నారా, మరొకరు తోసినందువల్ల మారిందా అన్నది వారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

మాటలు వెతుక్కోవడం, వాటిని సాధన చేయడం

వద్దనాలని తెలిసిన పిల్లలు కూడా ఆ మాట పెగలక చిక్కుపడతారు. ఎదుటివారిని నొప్పిస్తామేమో, తమను చిన్నపిల్లల్లా చూస్తారేమో, స్నేహం పోతుందేమో అన్న జంకు గొంతులో అడ్డుపడుతుంది. కాబట్టి ఈతలాగే దీన్ని కూడా విని నేర్చుకోలేరు, చేసి నేర్చుకోవాలి. తల్లిదండ్రులు ఎదుటిపాత్ర వేస్తే పిల్లలకు నవ్వో చిరాకో వస్తుంది. వరుసకు అక్కో, నమ్మకమైన స్నేహితురాలో, తరగతిలో ఉపాధ్యాయుల సమక్షంలో తోటి విద్యార్థులో అయితే నయం. ఎవరూ కుదరకపోతే అద్దం ముందు గట్టిగా పలకడమైనా పనికొస్తుంది.

ఒత్తిడి చేసేవారి మాటలు ఎక్కడైనా దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ‘నన్ను నిజంగా ప్రేమిస్తే ఒప్పుకుంటావు’ అంటారు. దానికి ‘ప్రేమ ఉంది కాబట్టే నా మాట వినమంటున్నాను’ అనవచ్చు. ‘అందరూ చేస్తున్నదే కదా’ అంటే ‘అందరి సంగతి నాకెందుకు? నాకు ఇష్టం లేదు’ అనవచ్చు. ‘పోయినసారి ఒప్పుకున్నావుగా’ అంటే ‘అప్పుడు ఒప్పుకున్నాను, ఇప్పుడు వద్దంటున్నాను’ అనవచ్చు. ‘ఇంతదాకా వచ్చాక ఆపడం కుదరదు’ అనేది పచ్చి అబద్ధమనీ, ఏ మనిషైనా ఏ దశలోనైనా ఆగగలడనీ ముందే చెప్పి ఉంచాలి. ఈ జవాబులన్నిటికంటే మెరుగైనది ‘వద్దు, నాకు ఇష్టం లేదు’ అన్న చిన్న మాటే. కారణం చెప్పిన కొద్దీ ఎదుటివారు ఆ కారణంతో వాదనకు దిగుతారు. కారణం లేని ‘వద్దు’తో వాదించడం కష్టం. ఒకసారి చెప్పాలి, వినకపోతే అదే మాట అదే స్వరంతో మళ్లీ చెప్పాలి, మూడోసారి చెప్పవలసి వస్తే అక్కడి నుంచి లేచి రావాలి. నవ్వుతూ చెప్పిన ‘వద్దు’ను కొందరు కావాలనే అపార్థం చేసుకుంటారు కాబట్టి, ముఖం, స్వరం మాటతో కలిసి ఉండేలా సాధన చేయించండి.

లేచి రావడానికి ఒక దారి మీరు ఏర్పాటు చేయాలి. ఫోన్‌లో మీకు ఒక నిర్ణీత పదం పంపితే చాలు, మీరు వెంటనే ఫోన్ చేసి ‘ఇంట్లో పని పడింది, వస్తున్నాను, సిద్ధంగా ఉండు’ అని వెళ్లి తీసుకువస్తారన్న ఒప్పందం చేసుకోండి. ఆ రాత్రి ఏ ప్రశ్నలూ వేయననీ ఒప్పుకోండి. పిల్లలు ఉండకూడని చోట ఉన్నా సరే, ఆ ఒప్పందాన్ని మీరు నిలబెట్టుకోవాలి. ఒక్కసారి తిట్లతో తీసుకువస్తే రెండోసారి ఆ పదం రాదు.

ఇంకొకటి. భయపడినప్పుడు కొందరి శరీరం బిగుసుకుపోతుంది, నోట మాట రాదు. ఇది మనసు బలహీనత కాదు, ప్రమాదానికి శరీరం స్పందించే తీరుల్లో ఒకటి. సాధన ఎంత చేయించినా ఈ సంగతి చెప్పకుండా వదిలితే, ఆ క్షణంలో వద్దనలేకపోయిన పిల్లలు తప్పంతా తమదేనని నమ్ముతారు.

ఎదుటివారి హద్దు

చాలా ఇళ్లలో ఈ పాఠం ఆడపిల్లలకే చెబుతారు. అబ్బాయికి ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాట, అమ్మాయికి వంద ఆంక్షలు. దీనివల్ల రెండు నష్టాలున్నాయి. అబ్బాయిలకూ ఇష్టం లేని సందర్భాలు ఉంటాయి, వారి మీదా ఒత్తిడి వస్తుంది, తరచుగా అది తోటి మగపిల్లల ఎగతాళి రూపంలో వస్తుంది. వద్దనే హక్కు తనకూ ఉందని ఎవరూ చెప్పని అబ్బాయి ఆ ఎగతాళికి లొంగిపోతాడు. రెండవ నష్టం మరింత పెద్దది: ఆపవలసిన బాధ్యత ఎప్పుడూ అమ్మాయిదేనని ఇద్దరూ నేర్చుకుంటారు.

కాబట్టి ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ సమ్మతి అంటే ఏమిటో చెప్పాలి. భయం, బతిమాలడం, బెదిరింపు లేకుండా, మత్తులో లేని మనిషి, జరగబోయేదేమిటో తెలిసి, స్పష్టంగా ఒప్పుకుంటేనే అది సమ్మతి. మౌనం సమ్మతి కాదు. ముద్దుకు ఒప్పుకున్నంత మాత్రాన తక్కినదానికి ఒప్పుకున్నట్టు కాదు. పదిసార్లు వద్దన్నాక పదకొండోసారి విసిగిపోయి సరేనంటే అది కూడా సమ్మతి అనిపించుకోదు. ‘ఇది నీకు ఇష్టమేనా?’ అని అడగడం, జవాబు తేటగా లేకపోతే ఆగిపోవడం, వద్దంటే అలగకుండా, అపరాధభావం కలిగించకుండా ‘సరే’ అనడం నేర్పాలి. ఎంత వయసు వచ్చాక చట్టం సమ్మతిని గుర్తిస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఆ వయసు లోపు వారు ఒప్పుకున్నా చట్టం దృష్టిలో అది చెల్లని సందర్భాలు ఉంటాయి. మీరున్న చోటి నియమాన్ని తెలుసుకొని పిల్లలకు సూటిగా చెప్పండి.

వీటన్నిటికీ మొదటి బడి ఇల్లే. బంధువులను కౌగిలించుకోవడం ఇష్టం లేదన్న పిల్లను బలవంతపెట్టే ఇంట్లో, తలుపు తట్టకుండా గదిలోకి వచ్చే ఇంట్లో, ‘ఆపు’ అన్నా చక్కిలిగింతలు ఆపని ఇంట్లో, తన ‘వద్దు’కు విలువ ఉందని పిల్లలు ఎలా నమ్ముతారు? పెద్దల ముందు ఎన్నడూ చెల్లని మాట ప్రియుడి ముందో ప్రియురాలి ముందో ఒక్కసారిగా చెల్లుతుందని ఆశించడం అత్యాశ.

ఫోన్‌లో హద్దులు

ఫోటో ఒకసారి చేయి దాటితే దాన్ని వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. చూసిన వెంటనే మాయమవుతుందని చెప్పే యాప్‌లలో కూడా ఎదుటివారు స్క్రీన్‌షాట్ తీయగలరు, మరో ఫోన్‌తో ఫోటో తీసుకోగలరు. పద్దెనిమిదేళ్ల లోపు వారి నగ్న చిత్రాలను తీయడం, దాచుకోవడం, పంచుకోవడం ఎన్నో దేశాల్లో నేరం; అవి ఆ పిల్లలే తీసుకున్నవైనా చిక్కులు రావచ్చు. పంపమని అడిగిన వారికి ‘అలాంటివి నేను ఎవరికీ పంపను’ అన్న జవాబు సిద్ధంగా ఉండాలి. తమకు వచ్చిన ఇతరుల చిత్రాన్ని మరొకరికి పంపకపోవడం కూడా ఈ హద్దులో భాగమే.

అప్పటికే పంపి, బెదిరింపులు మొదలైతే ఏం చేయాలో ముందుగానే చెప్పి ఉంచండి. డబ్బు ఇవ్వకూడదు, మరో చిత్రం పంపకూడదు, సందేశాలను చెరిపివేయకూడదు, వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పాలి, పోలీసులకు ఫిర్యాదు చేయాలి. మైనర్లుగా ఉన్నప్పుడు తీసిన నగ్న చిత్రాలను అంతర్జాలంలో వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. చిత్రాన్ని ఎవరికీ పంపకుండా, దానికి ఒక డిజిటల్ గుర్తును మాత్రమే తయారుచేసి, ఆ సేవలో భాగస్వాములైన వేదికలకు అందిస్తుంది. ఇవన్నీ చెప్పాక ‘నువ్వు పొరపాటు చేసినా నా దగ్గరికే రా’ అన్న మాటను తేలికగా అనేసి ఊరుకోకండి. బెదిరించేవారు ఆడుకునేది ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతోనే.

అశ్లీల దృశ్యాల సంగతి క్లుప్తంగానైనా ప్రస్తావించక తప్పదు. వాటిలో అడగడం, ఆగడం, గర్భం గురించీ వ్యాధుల గురించీ ఆలోచించడం సాధారణంగా కనబడవనీ, నటన చూసి జీవితాన్ని అంచనా వేయకూడదనీ చెబితే చాలు.

హద్దు దాటిన తరువాత

నిర్ణయం ఎంత గట్టిదైనా కొందరి విషయంలో అది సడలుతుంది. ఆ సంగతి మీకు తెలిసిన రోజున మీరు వాడే మొదటి వాక్యం, మళ్లీ మీ దగ్గరికి వస్తారో రారో తేలుస్తుంది. ‘నువ్వు క్షేమంగా ఉన్నావా? అది నీ ఇష్టంతోనే జరిగిందా?’ అని అడగండి. ఇష్టంతో జరగలేదంటే అది పిల్లల హద్దు సడలడం కాదు, వారి మీద జరిగిన నేరం; ‘నిన్ను నమ్ముతున్నాను, ఇది నీ తప్పు కాదు’ అని చెప్పి, ఆలస్యం చేయకుండా వైద్య సహాయానికీ చట్టపరమైన సహాయానికీ తీసుకువెళ్లాలి. వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళితే ఆధారాలు నిలుస్తాయి. అప్పటికే స్నానం చేసి ఉన్నా, వెళ్లడం మానకూడదు.

ఇష్టంతో జరిగినా, ఇష్టం లేకుండా జరిగినా, సమయం విలువైనది. లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్న అత్యవసర గర్భనిరోధక మాత్రను లైంగిక చర్య జరిగిన 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. యులిప్రిస్టాల్ మాత్ర 120 గంటల వరకు పనిచేస్తుంది. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉందని వైద్యులు భావిస్తే, నివారణ మందులను 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇతర సాంక్రమిక వ్యాధులకు పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో వైద్యులే చెబుతారు. హెచ్‌పీవీ టీకా సంగతి వేరు: దాన్ని లైంగిక జీవితం మొదలుకాక మునుపే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం ఉత్తమం, ఆ వయసు దాటిపోయినా వైద్యులను అడగవచ్చు. టీకా వేయిస్తే పిల్లలకు అనుమతి ఇచ్చినట్టవుతుందన్న జంకు అక్కరలేదు.

ఇష్టంతోనే జరిగిన సందర్భంలో, ‘ఇక ఆగేందుకు ఏముంది’ అన్న నిరాశ పిల్లల్లో కలుగుతుంది. ఒకసారి జరిగినంత మాత్రాన ఇకపై ప్రతిసారీ ఒప్పుకోవలసిన పని లేదనీ, రేపటి నుంచి మళ్లీ ఆగాలనుకుంటే అది పూర్తిగా చెల్లే నిర్ణయమేననీ చెప్పండి. పాత కాగితాన్ని మళ్లీ తీసి, ఏ సందర్భంలో నిర్ణయం సడలిందో వారే గుర్తించి, ఆ ఒక్క సందర్భానికి కొత్త ఏర్పాటు చేసుకోవడం ఉపయోగకరం. కొనసాగించాలనే వారు అనుకుంటే, మీకు సమ్మతం కాదన్న సంగతిని కోపం లేకుండా చెప్పవచ్చు. ఆ అసమ్మతిని సాకుగా చూపి కండోమ్ గురించీ ఇతర గర్భనిరోధక పద్ధతుల గురించీ సమాచారం అందకుండా చేయడం మాత్రం తగదు. ఇలాంటి వేళ వైద్యుల దగ్గరకు తీసుకువెళితే, వైద్యులతో పిల్లలు కొంతసేపు ఒంటరిగా మాట్లాడేలా మీరే గది బయటకు వచ్చి కూర్చోండి. లోపల ఏం మాట్లాడుకున్నారని దారిలో అడగకండి. చెప్పాలనిపించినప్పుడు వారే చెబుతారు.